గూడ్స్ వరస గెలిచిన ఏడాది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పాతవాళ్ళను ఎవరిని అడిగినా, మూతపడబోయిన తెలుగు మీడియం పదో తరగతిని నిలబెట్టింది లెక్కల మాస్టారని చెబుతారు. ఆ లెక్కల మాస్టారు నేనే. వాళ్ళు చెప్పేది నిజం కాదు. తరగతి నిలబడిన మాట నిజం. అంతటి గెలుపును నా ఉద్యోగ జీవితంలో మళ్ళీ చూడలేదన్నదీ నిజం. దాన్ని గెలిచింది మాత్రం నేను కాదు, మా బడిలో తెలుగు చెప్పిన టీచరు, ఆమె చేతిలో పడిన పిల్లలు. ఇన్నేళ్ళూ దండలు వేయించుకుని, ఉపన్యాసాలిచ్చి, ఇప్పుడీ మాట చెప్పడం ఆలస్యమే. రాస్తానని ఆమెను అడిగితే ఒక్క షరతు పెట్టారు. "రాస్తే రాయండి మాస్టారూ, పేర్లొద్దు. పేరు కోసం రాయించుకున్నానంటారు." అందుకే ఇందులో ఎవరి పేరూ ఉండదు.

నేను కృష్ణా జిల్లావాణ్ణి. బి.ఎడ్. అయిన వెంటనే, ఎనభైల చివర్లో, ఆ బడిలో ఉద్యోగం వచ్చింది. శిక్షణలో బోధనా మనస్తత్వశాస్త్రం పేపరు నాకు ప్రాణం. గంట మోగిస్తే కుక్క నోట్లో నీరూరడం, మీట నొక్కిన పావురానికి గింజ దొరకడం, ఇవన్నీ బొమ్మలతో సహా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మెచ్చుకున్న పనిని పిల్లవాడు మళ్ళీ చేస్తాడు, మెచ్చుకోని పనిని మానేస్తాడు. చదువంతా ఇంతేనని అనుకుని రైలెక్కాను.

మా పిల్లల తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళు. తండ్రులు లోకో షెడ్‌లోనూ, యార్డ్‌లోనూ డ్యూటీలు చేసేవారు. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో రెండూ కలిపి మాట్లాడేవారు. తెలుగు పుస్తకం చదవమంటే అక్షరం అక్షరం తడుముకునేవారు. "ఏటి సార్?" అని వాళ్ళు అడిగినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. వాళ్ళ ముందే నవ్వేవాణ్ణి.

నేను చేరిన కొన్నాళ్ళకు, తొంభైల మొదట్లో ఒక జూన్‌లో, హెడ్మాస్టరు మా ఇద్దరినీ పిలిచారు, నన్నూ తెలుగు టీచర్నీ. ఆయన హిందీ మనిషి, మర్యాదస్తుడు. లెక్కల్లో తెలుగు సెక్షన్ పిల్లలు ఏటా తప్పుతున్నారు, తల్లిదండ్రులు పిల్లల్ని హిందీ సెక్షన్‌కు మార్చుకుంటున్నారు, రాబోయే బోర్డు పరీక్షలో కూడా ఇలాగే ఉంటే వచ్చే ఏడాది తెలుగు పదో తరగతి ఉండదని పైనుంచి చెప్పారట. తరగతి పోతే నాకు నష్టం లేదు, హిందీ సెక్షన్‌లో లెక్కలు చెప్పుకుంటాను. ఆమె ఉద్యోగం ఆ తరగతితో ముడిపడి ఉంది. తొమ్మిదిలో ఉన్న పిల్లలు కూడా సరిగ్గా బోర్డు పరీక్ష ముందు మరో భాషలోకి మారాలి. బయటికొచ్చాక ఆమె నాతో, "లెక్కలు మీ చేతిలో ఉన్నాయి మాస్టారూ" అని మాత్రం అన్నారు.

నా చేతిలో సిద్ధాంతం ఉంది. దాన్ని రైల్వే పిల్లలకు నచ్చేలా చేయాలని, నా తెలివికి నేనే మురిసిపోతూ, తరగతిని మూడు వరసలు చేశాను. మొదటిది మెయిల్, మధ్యది పాసింజర్, చివరిది గూడ్స్. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి వరస. మెయిల్ వరసకు పెన్సిళ్ళు, పిప్పరమెంట్లు, నా చిరునవ్వు. గూడ్స్ వరసకు ఏమీ లేదు. పైకి రావాలన్న కోరిక వాళ్ళలో దానంతటదే పుడుతుందని నా లెక్క.

మరోచోటైతే అవి ఉత్త పేర్లు. ఇక్కడి పిల్లలకు మాత్రం గూడ్స్ బండి అంటే ఏమిటో నడక రాకముందే తెలుసు. మెయిల్ వస్తోందంటే గూడ్స్‌ను పక్కనున్న లూప్ లైన్‌లోకి తోసి నిలబెట్టేస్తారు. దాని ముందునుంచి అన్నీ వెళ్ళిపోతాయి. అది ఆగడంలో దాని తప్పేమీ లేదు, తొందరపడి లాభమూ లేదు. దసరా నాటికి నా గూడ్స్ వరస సరిగ్గా అలాగే తయారైంది.

"ఎందుకు రాయలేదురా?" అని ఒకణ్ణి లేపాను.

"గూడ్స్ కద సార్. లూప్ లైన్లో పెట్టీసారు. మెయిలెల్లిపోనాక సిగ్నలిస్తే కదుల్తాం."

తరగతి గొల్లుమంది. వాడి పక్కవాడు, "నాకు సిగ్నలిచ్చినా లాభం లేదు సార్, ఇంజను షెడ్‌కెల్లింది" అన్నాడు. ఇద్దర్నీ బయట నిలబెట్టాను. బయటికెళ్ళినవాడు కిటికీలోంచి గార్డులా ఈల ఊదాడు.

వాళ్ళు నవ్వినా నాకు బాధ లేదు. ఆ వరసలో నవ్వని పిల్ల ఒకతె ఉండేది. తండ్రి కర్గీ రోడ్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, ఇల్లు ఆ స్టేషనున్న కోటా ఊళ్ళో. రోజూ కట్నీ వైపు నుంచి పాసింజర్‌లో వచ్చేది. ఆ బండి ఏనాడూ వేళకు రాదు, నా లెక్కల పీరియడ్ మొదటిది. సగం పాఠం అయ్యాక చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడేది. తప్పిపోయిన ఆ సగం పాఠం మీదే పరీక్ష, అందులో సున్నా, అందుకని గూడ్స్. ఒకరోజు నేను, "పాసింజర్ ఎక్కి వచ్చి రోజూ గూడ్స్‌లో కూర్చుంటావేమ్మా?" అన్నాను. మెయిల్ వరస నవ్వింది. ఆ పిల్ల ఆరోజు నుంచి నా తరగతిలో నోరు విప్పలేదు.

తెలుగు టీచరు స్టాఫ్ రూంలో నన్ను పట్టుకున్నారు. ఆమె ఆ కాలనీలోనే పుట్టి పెరిగారు. వాళ్ళ నాన్నగారు కట్నీ లైన్‌లో డ్రైవరు.

"ఏటి మాస్టారూ, నా క్లాసులో కూడా గుంటలు గూడ్స్ వరసలోనే కూర్చుంటన్నారు. పద్యం చదవరా అంటే సిగ్నల్ లేదు టీచర్ అంటన్నాడు. ఏటి చేసీసారు ఆళ్ళని?"

ప్రోత్సాహం, ప్రతిఫలం అంటూ నేను మొదలుపెట్టాను. పావురం దాకా వెళ్ళాను.

"పావురాలు సరే. మా నాన్నగారికి కట్నీ లైన్ మీద బండి ఎలాగిచ్చారో తెల్సా? ముందు ఆ రోడ్ తెలిసిన డ్రైవర్ పక్కన నించోబెట్టి తిప్పుతారు. పగలు తిప్పుతారు, రాత్రి తిప్పుతారు. ఏ మలుపు ఎనకాల ఏ సిగ్నలున్నాదో, ఎక్కడ ఎక్కుడో, ఎక్కడ దిగుడో, అన్నీ వచ్చాక 'నాకీ రోడ్ తెల్సు' అని సంతకం పెడతాడు. అప్పుడే బండి. ఒకడికి తొరగా వస్తాది, ఒకడికి ఆలీసం అవుతాది. ఎవరూ నవ్వరు. మీ పరీక్షలో ముప్పై మూడొస్తే పాస్. నూటికి ముప్పై మూడు సిగ్నళ్ళే తెల్సునంటే బండిస్తారేటి?"

"అది ఇంజనండీ. ఇది బీజగణితం" అన్నాను.

"అచ్ఛా. అయితే ఆ గూడ్స్ వరసని సాయంత్రాలు నాకిచ్చీయండి."

"మీకు లెక్కలు రావు కదా?"

"రావు. అందుకే ఇమ్మంటన్నాను. నాకు అర్థమయ్యేలాగ చెప్పినోడే సంతకం పెడతాడు."

ఎగతాళిగానే ఒప్పుకున్నాను. పోయేది ఆమె ఉద్యోగం, పడనీ తంటాలు అనుకున్నాను. ఇంతకంటే మంచిమాట రాయాలని ఉంది కాని, అప్పుడు అనుకున్నది ఇదే.

ఆమె గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు లైను గీసి, ఒక్కో అధ్యాయానికి ఒక్కో స్టేషను పెట్టారు. పిల్లలు జంటలుగా కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవారు. వచ్చిందనుకున్నవాడు బోర్డు దగ్గరికెళ్ళి ఆమెకు చెప్పాలి. ఆమె నిజంగానే ఏమీ తెలియని ప్రశ్నలు అడిగేవారు. "ఈ రెండు ఎక్కడినుంచొచ్చింది? ఆ పక్కకెల్తే గుర్తెందుకు మారిపోవాల?" ఎన్నేళ్ళుగానో పిల్లలు అడగలేకపోయిన ప్రశ్నలవి. చెప్పలేకపోతే మార్కు పోదు, వరస మారదు. "ఇంకో ట్రిప్ తిరిగిరా" అనేవారు, అంతే. చెప్పగలిగితే ఆ స్టేషను కింద సంతకం. లూప్ లైన్ అన్నవాడు మొదటి సంతకం పెట్టిన రోజున వరండా అంతా ఒకటే కేకలు.

ఆ కేకలు విని మెయిల్ వరస కూడా వచ్చింది. మా ఫస్టు పిల్లవాడు బోర్డు మీద లెక్కను గుక్క తిప్పుకోకుండా చేసి, సుద్దముక్క పట్టుకుని సంతకం కోసం నిలబడ్డాడు.

"నాకేటి అర్థమైంది నాయనా? నువ్వొక్కడివే ఎల్లిపోనావు. ఇంజను కోటా దాటీసింది, బోగీలన్నీ బిలాస్‌పూర్లోనే ఉండిపోనాయి."

వాడు మళ్ళీ చెప్పబోయి, ఒకచోట ఆగి, నా వైపు చూశాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను. వాడికా మెట్టు ఎందుకో తెలియదు. నేను చెప్పినట్టు బట్టీ పట్టాడంతే. పిల్లల్లో పొడుగువాడు, గూడ్స్ వరసవాడు, "రారా భాయ్, నేను తిప్పుతాను" అని వాణ్ణి తన బల్ల దగ్గరికి లాక్కెళ్ళాడు.

ఆరోజు ఇంటికెళ్ళి నా శిక్షణ పుస్తకం తీశాను. కుక్కకూ పావురానికీ ముందూ వెనకా చాలా పేజీలున్నాయి. కింది మెట్టు గట్టిపడకుండా పై మెట్టు ఎక్కించకూడదని ఉంది. పిల్లలందరికీ ఒకే గడువు పెట్టి రకరకాల ఫలితాలు తీసుకోవడం కాదు, ఎవరికి ఎంత సమయం పట్టినా ఫలితం ఒకటే ఉండాలని ఉంది. ఒంటరిగా చేయలేనిదాన్ని తనకంటే ఒక అడుగు ముందున్న తోటివాడి సాయంతో పిల్లవాడు చేయగలడని ఉంది. ఆ అధ్యాయానికి కూడా నాకు మంచి మార్కులే వచ్చాయి. అది ఎదురుగా చీర కట్టుకుని నిలబడి మాట్లాడితే మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

మర్నాడు వరసలు తీసేశాను. అప్పటికే పిల్లలు వాటిని సగం చెరిపేసుకున్నారు, ఎవరికి ఏ అధ్యాయం కావాలో వాళ్ళ పక్కన కూర్చుంటున్నారు. ఆమె తన పీరియడ్‌ను మొదటికి తెచ్చుకుని లెక్కలను మధ్యాహ్నానికి మార్పించారు. పాసింజర్ ఎంత ఆలస్యమైనా ఇక కోటా పిల్లకు లెక్కల పాఠం పోదు. నావంతుగా చిన్న చిన్న పరీక్షలు తయారుచేశాను, ఎన్నిసార్లయినా రాయొచ్చు, మార్కులు లేవు, ఎక్కడ తప్పిందో మాత్రం రాసి ఇస్తాను. లెక్కలో తప్పులు దిద్దడం నాకు బాగా వచ్చు. నా వాటా అది. అంతకు మించి లేదు.

సంక్రాంతి దాటింది. సిలబస్ వెనకబడుతోందని నాకు గుబులు. కారణాంకాల దగ్గర ఒక్క సంతకం మిగిలిపోయింది, కోటా పిల్లది. వదిలేసి ముందుకెళ్దామన్నాను.

"ఎలాగెల్తాం సార్, అది ఎక్కలేదు కదా!" అన్నాడు లూప్ లైన్‌వాడు. తరగతి మొత్తం వాడి పక్షమే.

గుర్తులన్నీ కూడికలైతే ఆ పిల్ల చేసేస్తుంది. తీసివేత వచ్చిందా, చేయి ఆగిపోతుంది. ఆరోజు బోర్డు మీద ఎక్స్ స్క్వేర్, మైనస్ ఎక్స్, మైనస్ ఆరు వేశాను. రెండు అంకెలు కావాలి. గుణిస్తే మైనస్ ఆరు, కలిపితే మైనస్ ఒకటి. ఆ పిల్ల చాలాసేపు చూసింది. నేను నోరు తెరవబోతే తెలుగు టీచరు చేత్తో ఆపారు.

"టీచర్," అంది ఆ పిల్ల, బోర్డుకేసి తిరిగే. "బండికి రెండు పక్కలా ఇంజన్లు కట్టారనుకోండి."

"కట్టాను."

"గుణిస్తే ప్లస్ వచ్చిందంటే రెండూ ఒక పక్కకే లాగుతున్నట్టు. మైనస్ వచ్చిందంటే ఎదురుబొదురు. ఇక్కడ మైనస్ ఆరు. ఎదురుబొదురే లాగుతున్నాయి. ఒకటి మూడు, ఒకటి రెండు."

"మూడు ఎటు?"

"కలిపితే మైనస్ ఒకటి రావాలి కదా. బండి ఒకడుగు ఎనక్కెల్లినాది. బలమైంది ఎనక్కి లాగితేనే ఎనక్కెల్తాది. మైనస్ మూడు, ప్లస్ రెండు."

తెలుగు టీచరు పెద్దగా నవ్వి, "ఓలమ్మో, నాకు కూడా వచ్చీసింది!" అన్నారు. ఆమెకు బీజగణితం వచ్చింది ఆ పూటే. కావాలని మరో లెక్క వేయమని, తనే చేసి చూపించారు, తప్పు లేదు. ఆ పిల్ల సంతకం పెడుతుంటే తరగతి బల్లలు బద్దలవుతాయేమో అనిపించింది. గుర్తుల గురించి అంతకంటే తేటగా చెప్పడం నాకు ఈనాటికీ చేతకాదు. ఏళ్ళ తరబడి ఊరూరా నా సొంతంలా చెప్పిన ఆ ఇంజన్ల ఉదాహరణ ఆ పిల్లది.

సిలబస్ కూడా ముగిసింది. ఇది నాకు వింతగా తోచింది. పునాది గట్టిపడేసరికి తర్వాతి అధ్యాయాలు రోజుల్లో అయిపోయాయి.

ఫలితాలు అప్పట్లో పేపర్లో అచ్చయ్యేవి. పొద్దున్నే స్టేషన్లో పుస్తకాల స్టాల్ దగ్గర కట్టలు దిగేవేళకు కోటా పిల్ల తప్ప మా పిల్లలందరూ అక్కడే ఉన్నారు. ఫస్టు పిల్లవాడు నంబర్లు చదువుతున్నాడు, మిగిలినవాళ్ళు వాడి మీద పడిపోతున్నారు. ఒక్కో నంబరుకూ ఒక్కో కేక. చివరికి వాడు పేపరు దించి, "అందరం రా" అన్నాడు నెమ్మదిగా, తన మాట తనకే నమ్మకం లేనట్టు. తెలుగు టీచరు పేపరు లాక్కుని మళ్ళీ మొదటినుంచీ వేలు పెట్టి చూసుకున్నారు. అందరూ ఉన్నారు. గూడ్స్ వరస మొత్తం ఉంది.

అంతలో కట్నీ వైపు నుంచి పాసింజర్ వస్తోందన్నారు. పిల్లలు ప్లాట్‌ఫాం మీద పరిగెత్తారు. కదులుతున్న బోగీల పక్కనే, కిటికీ కిటికీలోకీ చూస్తూ, "పాస్! పాస్! మనందరం పాస్!" అని అరుస్తూ ఉరికారు. కూరగాయల బుట్టలతో దిగబోతున్న ఆడవాళ్ళు "కా హోగే?" అని, ఏమైందోనని బెదిరిపోయి అడిగారు. కోటా పిల్ల బండి ఆగకముందే తలుపు దగ్గర నిలబడింది, దిగీ దిగగానే టీచరు మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. టీచరు కూడా ఏడుస్తూనే, "ఏడుపేటే గుంటా, లెక్కల్లో పాసైనందుకు?" అంటున్నారు.

తర్వాత వారంలో ఒక అధికారి బడికి వచ్చారు. తరగతి ఉంచాలా వద్దా చెప్పవలసింది ఆయనే. గోడ మీద కాగితాన్ని, సంతకాలను చాలాసేపు చూసి, "యే కిస్‌కా ఐడియా హై?" అని, ఇదెవరి ఆలోచనో అడిగారు. టీచరు నా పక్కనే ఉన్నారు. ఆమె నోరు తెరిచే లోపల నేను, "మేరా, సర్" అన్నాను. అని ఆగలేదు. శిక్షణ పుస్తకంలోని సిద్ధాంతాలన్నీ వరసగా అప్పజెప్పాను. ఆయన తల ఊపారు, అక్కడికక్కడే తరగతి కొనసాగుతుందన్నారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సభ పెట్టి నాకు దండ వేశారు. ఆమె రెండో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ పేరు మీదే నాకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఉద్యోగం వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా 'నా ప్రయోగం' గురించి పాఠం చెప్పాను.

ఈమధ్య ఆమెను కలిసినప్పుడు, ఆరోజు అధికారి ముందు ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

"కోపం రాలేదనుకున్నారేటి? వచ్చినాది. అయితే ఆయన తలూపుతున్నాడు, క్లాసు నిలబడిపోతున్నాది. మధ్యలో నేను నోరిప్పితే మీరిద్దరూ ఆగిపోతారు. ఆ పూటకి క్లాసు కావాల నాకు." మళ్ళీ తనే, "తర్వాతైనా చెప్తారనుకున్నాను" అన్నారు.

దానికి ఈ రాతే నా జవాబు.

ఆ జూన్‌లో నేను కొత్త ఉద్యోగానికి సామాను సర్దుకుని, వీడ్కోలు చెప్పడానికి బడికి వెళ్ళాను. తెలుగు పదో తరగతి గుమ్మం దగ్గర జనం. హిందీ సెక్షన్‌కు మార్చుకుపోయినవాళ్ళు కూడా పిల్లల్ని చేతులు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. షెడ్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన తండ్రులు నూనె బట్టలతోనే నిలబడి, "మా గుంటకి కూడా జాగా సూడండి టీచరమ్మా" అంటున్నారు. లోపల బల్లలు చాలలేదు, పిల్లలు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. టీచరు గుమ్మంలో నిలబడి, ఇంకా ఎవరున్నారు, రండి రండి, సర్దుకుందాం అని పిలుస్తున్నారు. నన్ను చూసి, "మాస్టారూ, ఖాళీగా నించున్నారేటి, పక్క గదిలో బల్లుంది, ఓ చెయ్యెయ్యండి" అన్నారు.

ఒక తండ్రి, నేను కలిసి ఆ బల్ల మోసుకొచ్చాం. ముందువైపు ఆయన పట్టుకున్నాడు. వెనకవైపు పట్టుకున్నది నేనే.